ఆమెన్ అనేదాకా

నారికురుపు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియనందుకు దేవునికి స్తోత్రం. మా మనవరాలికి ఒకసారి చెప్పబోతే, "కాల్లోనుంచి దారమంత పురుగు రావడమేంది నానమ్మా, కథలు చెప్పమాక" అని నవ్వింది. నవ్వనిచ్చాను. ఆ పిల్ల నవ్వగలుగుతున్నదంటేనే మేము ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. అయినా ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలనిపించింది. మా అత్త ప్రార్థన మానేసిన రోజులు కొన్ని ఉన్నాయి. నా జీవితంలో అంతకంటే భయపడిన రోజులు నాకు గుర్తులేవు.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడ జరుగుతున్నదో మాకు తెలియదు గానీ, కిరసనాయిలు దొరకకపోవడం తెలుసు, జొన్నల కోసం కూడా ఎదురుచూడటం తెలుసు. గురజాలకూ మాచర్లకూ నడుమ ఉండేది మా పల్లె. నేను కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో ముగ్గురమే: అత్త, ఆయన, నేను. మామ నేను రాకముందే పోయాడు.

ఆయన నాపరాళ్ళ గనిలో పని చేసేవాడు. నేలలో పొరలు పొరలుగా ఉండే రాయిని గడ్డపారతో లేపి, పలకలుగా విడదీసి, భుజాన పెట్టుకుని గట్టు మీదికి చేర్చే పని. మా ప్రార్థన మందిరానికి గోడలు మట్టివి, పైన బోదగడ్డి కప్పు, కానీ నేలకు మాత్రం నాపరాళ్ళే. ఆయనా, ఆయన తోటివాళ్ళూ కూలి అడగకుండా తెచ్చి పరిచారు. నల్లగా, నున్నగా, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. "నా కొడుకు పరిచిన రాయి మీద మోకాళ్ళూనుతుంటే పానం హాయిగా ఉంటదే" అని అత్త మురిసిపోయేది.

మా సంఘంలో అందరూ మోకాళ్ళూని ప్రార్థించేవాళ్ళు. జ్వరం వచ్చినవాళ్ళు, నిండు నెలల ఆడవాళ్ళు కూడా గోడ పట్టుకునైనా వంగేవాళ్ళు. మోకాలు వంచకుండా చేసిన ప్రార్థన ఇంటి కప్పు దాటదని అత్త నమ్మకం. ఆ నమ్మకం ఎవరు నేర్పారో ఆమెకే తెలియదు. ఆమె అమ్మ అట్లా చేసింది, ఆమె అట్లా చేసింది.

కిరసనాయిలు లేని కారణంగా మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పొద్దు ఉండగానే అయ్యేది. ముందు నేను వాక్యం చదవాలి. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న రాతిపలక మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించి, పరిశుద్ధ గ్రంథం కూడబలుక్కుని చదివేదాకా వదిలిపెట్టలేదు. ఆ కాస్త చదువుకే అత్త పొంగిపోయి, పల్లెలో నన్ను "మా చదువుకున్న పిల్ల" అని చెప్పుకునేది. చదవడం నా వంతు, ప్రార్థన ఆమె వంతు. ఆమె ప్రార్థన పల్లె మొదటి ఇంటితో మొదలై, ఒక్కో గడపా ఎక్కి దిగి, మేకలను కూడా పలకరించి, చివరికి మా ఇంటికి వచ్చేది. అప్పటికి సంగటి చల్లారిపోయేది.

"అమ్మా, మన పల్లె దేవుడికి తెలుసులే. ఒక్కో ఇల్లూ తిప్పి చూపించక్కర్లా" అనేవాడు ఆయన.

"నీకు సంగటి మీదనే గదంట్రా ధ్యాస. కళ్ళు మూసుకో" అనేది అత్త, తను కళ్ళు తెరవకుండానే.

ఊరికి ఎడంగా ఉండే మా పల్లెవాళ్ళను ఊరి బావి దగ్గరికి రానిచ్చే రోజులు కావవి. పల్లె వెనక దిగుడుగుంట ఒకటి ఉండేది. మెట్లు దిగి, పిక్కల లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకునేవాళ్ళం. తాగేది అవే నీళ్ళు. ఆ నీళ్ళే మాకు నారికురుపు ఇస్తున్నాయని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో ఆయన కుడి పిక్క మీద, మోకాలికి కాస్త కిందుగా, బొబ్బ లేచింది. అగ్గి పెట్టినట్టు మండింది. బొబ్బ పగిలాక అందులోంచి తెల్లగా, నూలుపోగులాగా నారి తల బయటికి వచ్చింది. దాన్ని ఎవరూ ఒక్కసారిగా లాగరు. చిన్న పుల్లకు ఆ కొసను చుట్టి, పిక్క మీద గుడ్డతో కట్టి, రోజూ తెల్లవారగానే చన్నీళ్ళు పోస్తూ ఎంత వస్తే అంత మాత్రమే పుల్లకు చుట్టాలి. రాననిపిస్తే వదిలెయ్యాలి. బలవంతం చేస్తే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క చీము పట్టి, కాలంతా పాకుతుంది. మా వీధి చివర ఒక పెద్దాయనకు అట్లాగే తెగి, కాలు ఎండుకట్టెలాగా అయిపోయింది. ఆయన చేతులు నేలకానించి జరుగుతూ గడప దాకా వచ్చి కూర్చునేవాడు. గుంటకు నీళ్ళకు పోయేటప్పుడు ఆ గడప ముందునుంచే పోవాలి. నేను అటు చూడకుండా నడిచేదాన్ని.

పుల్ల చుట్టే పని నాది. అత్త చేతులు వణుకుతాయని ఆయన నా చేతికే ఇచ్చాడు.

"తొందరపడమాకే" అనేవాడు పళ్ళ బిగువున.

"నేనేడ తొందరపడుతున్నా? నువ్వే ఊపిరి బిగబట్టి నన్ను అదరగొడుతున్నావు" అనేదాన్ని.

"అయితే ఏదన్నా పాట పాడు."

పాడేదాన్ని, గొంతు లోపలే. పుల్ల ఒక చుట్టు తిరిగితే ఆ రోజుకు స్తోత్రం. సగం చుట్టే తిరిగితే సగానికి స్తోత్రం. ఆయన గనికి పోలేడు కనుక నేను రైతుల ఇళ్ళల్లో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. కూలి కింద వాళ్ళు కొలిచే జొన్నలతోనే మా ముగ్గురికీ సంగటి. కళ్ళల్లో ఘాటు, ఒళ్ళంతా మంట. కానీ ఏ కాయ పట్టుకున్నా వేళ్ళకు ఆ నారి ఇంకా తగులుతున్నట్టే ఉండేది. తొడిమ తుంచబోయి చెయ్యి మెత్తబడి ఆగిపోయేది. "ఏందమ్మాయ్, కాయకు నొప్పి పుడతదనా?" అని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

వాన మొదలయ్యే వేళకు నారి చాలా మటుకు బయటికి వచ్చేసింది. పుల్ల లావెక్కింది. ఇంక రేపో ఎల్లుండో చివర కనబడుతుందని అందరికీ తోచింది. అదే సమయానికి అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మా పల్లెకు వచ్చారు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయనవే. సైకిలు మీద తిరుగుతూ మా దగ్గరికి నెలకోసారి వస్తే ఎక్కువ.

అత్త ఆ మధ్యాహ్నమే శనగలు నానబోసింది. కూడికలో పంచే గుగ్గిళ్ళకేనని నాకు అర్థమైంది.

"అత్తా, కృతజ్ఞత కూడిక ఇప్పుడే ఎందుకు? పూర్తిగా బయటికి రానియ్యి" అన్నాను.

"అయ్యగారు మళ్ళా నెలకు గానీ రాడు. ఇంత మేలు చేసిన దేవుడికి నెలదాకా బాకీ పెట్టుకోమంటావా?"

"ఇంకా కొంచెం లోపలనే ఉంది గదా."

"ఆ కొంచానికి కూడా ముందే స్తోత్రం చెపుదాం. నమ్మకం అంటే అదే గదే. ఇంత చదువుకున్నావు" అన్నది. ఆమె నమ్మకం అంత వెలుగుగా ఉంటే నా భయం నాకే చిన్నతనంగా అనిపించింది.

సాయంత్రం చాప పరిచాం. పక్క ఇళ్ళవాళ్ళు వచ్చారు. గుగ్గిళ్ళ తపేలా మూలన పెట్టాను. ఆయన అన్ని రోజులూ కుటుంబ ప్రార్థనలో మంచం మీదే కాలు చాపుకుని కూర్చునేవాడు. అత్త దానికి ఎలాగో సర్దుకుంది. కానీ ఆ వేళ అయ్యగారు మోకాళ్ళూని, అందరూ వంగాక, అత్త వెనక్కి తిరిగి చూసింది.

"అయ్యగారు కింద ఉంటే నువ్వు మంచం మీద కూచుంటావంట్రా? కృతజ్ఞత ప్రార్థన అయ్యా ఇది. ఒక్క నిమిషం. మెల్లంగా వంగు."

ఆయన నవ్వాడు. "నీ ప్రార్థనైతే ఒంగేవాణ్ణి కాదమ్మా, తెల్లారుతది. అయ్యగారిది గాబట్టి సరే" అని మంచం కోడు పట్టుకుని దిగాడు. నేను లేవబోయేలోపే చాప మీద మోకాళ్ళూనాడు. అయ్యగారు "ప్రేమగల తండ్రీ" అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

అయ్యగారి ప్రార్థన చిన్నదే. అందులో మా ఆయన పేరు చెప్పారు, కాలు చెప్పారు, మేలు చెప్పారు. మధ్యలో నా పక్కన చాప బరబరమన్నది. ఆయన గోళ్ళతో చాపను గీరుతున్నాడని తరవాత తెలిసింది. గొంతులోనుంచి చప్పుడు మాత్రం రాలేదు. అందరూ "ఆమెన్" అన్నారు. ఆయన కూడా అన్నాడు. అన్న తరవాత, "అమ్మా, తెగింది" అన్నాడు.

చూస్తే పుల్ల గుడ్డలోనుంచి ఊడి చాప మీద పడి ఉంది. పిక్క మీద పుండు మూసుకున్నట్టే ఉంది. లోపలి ముక్క లోపలికే పోయింది.

ఎవరూ గుగ్గిళ్ళు తినలేదు.

రాత్రికే కాలు పొంగింది. మూడో పూటకు వాపు మోకాలు దాటింది. తొడలో గడ్డ కట్టింది. ఒళ్ళు పొయ్యి మీది పెనంలాగా కాలిపోయింది. వచ్చినవాళ్ళంతా తలా ఒకటి చెప్పారు. వేపాకు నూరి కట్టమన్నారు, ఉమ్మెత్తాకు వెచ్చబెట్టి కట్టమన్నారు, ఆముదం రాయమన్నారు. అన్నీ చేశాం. వాపు ఎక్కువైంది. ఆయన నొప్పికి మూలగడం కూడా మానేసి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. మూలిగినప్పుడే నాకు ధైర్యంగా ఉండేది.

అంతకంటే భయం ఇంకొకటి. ఆ సాయంత్రం నేను వాక్యం చదివి పుస్తకం మూశాక, అత్త ప్రార్థన మొదలుపెట్టలేదు. ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని బయటికి చూస్తోంది.

"అత్తా, ప్రార్థన" అన్నాను.

"నువ్వు చెయ్యి" అన్నది.

"నాకు రాదు."

"నాకొచ్చి ఏం చేశాను? ఒంగమన్నాను. నా నోటితోనే ఒంగమన్నాను."

నేను పైకి ప్రార్థన చేసిందే లేదు. పెద్దవాళ్ళు చేస్తుంటే ఆమెన్ అనడమే తెలుసు. మోకాళ్ళూని కళ్ళు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ లేదు. ఏం చెప్పాలో తోచక కళ్ళు తెరిచి, కనబడినవాటికల్లా స్తోత్రం చెప్పాను. సంగటి కుండకు, పొయ్యికి, ఇంకా కారని కప్పుకు, మంచం కోడుకు. మంచం దాకా వచ్చి ఆగిపోయాను. ఆమెన్ అనేశాను.

అత్త ద్వారం దగ్గరనుంచే అడిగింది. "కాలు సంగతి చెప్పలేదేందే?"

"భయమేసింది అత్తా."

"నాకూ అదే" అన్నది.

రోజూ అట్లాగే గడిచింది. నేను చదవడం, నేనే నాలుగు ముక్కలు చెప్పడం, ఆమె ద్వారబంధం దగ్గర. పల్లెలో ఇళ్ళ పేర్లు ఆ వేళల్లో ఎవరూ చెప్పలేదు. పక్కింటి ఆమె నన్ను ఆపి, "మీ అత్త మమ్మల్ని ప్రార్థనలో తలుస్తందా? మేక ఈనలేక చచ్చిపోయిందే" అని అడిగింది. ఏం చెప్పను? తలుస్తోందని చెప్పి ఇంట్లోకి వచ్చి, ఆ మేక పోయిన ఇంటి కోసం కూడా నేనే ప్రార్థన చేశాను.

రైలెక్కి పోతే ఒక మిషను ఆసుపత్రి ఉందని అందరికీ తెలుసు. కానీ అక్కడికి పోయినవాళ్ళ కాళ్ళు కోసేస్తారని కూడా అందరూ చెప్పుకునేవాళ్ళు. కాలు పోతే గని లేదు. కాలు ఉంచుకుంటే మనిషి ఉంటాడో లేదో. ఆయన్ని అడిగితే, "అమ్మనడుగు" అన్నాడు. అత్తను అడిగితే, "నా మాట ఇని ఒకసారి తెగింది. ఇంక నన్నడగమాక" అన్నది. అంత పెద్ద నిర్ణయం నా ఒడిలో పడింది. నా వయసు అప్పటికి ఇరవై కూడా నిండలేదు.

ఆ సాయంత్రం చదవడానికి పుస్తకం తెరిస్తే, పక్షవాయువుగల మనిషిని నలుగురు పరుపుతో సహా మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించిన భాగం వచ్చింది. అది కావాలని వెతికింది కాదు. వరసలో వచ్చింది. నేను చదవడం ఆపాక అత్త చాలా రోజుల తరవాత ఒక ప్రశ్న అడిగింది.

"ఆ మోసినోళ్ళ పేర్లు రాశారా?"

మళ్ళీ చూశాను. "లేదత్తా."

"ప్రార్థన చేశారని ఉందా?"

"లేదు. మోశారనే ఉంది."

అత్త లేచి కొంగు బిగించి, గనిలో ఆయనతో పని చేసేవాళ్ళ ఇళ్ళ వైపు నడిచింది. నేను ఆపలేదు.

పొద్దున్నే నలుగురు వచ్చారు. ఊళ్ళో నేను మిరపకాయల పనికి పోయే రైతు ఎద్దుల బండి ఇచ్చాడు. ఆ మేలు నేను మరిచిపోలేను. కానీ బండి కదిలి మొదటి రాయి ఎక్కగానే ఆయన కేక పెట్టాడు. అట్లాంటి కేక నేను మళ్ళీ వినలేదు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బండి ఆపి, మంచంతో సహా దించి భుజాలకెత్తుకున్నారు. స్టేషను దాకా అట్లాగే. వాళ్ళకు రాళ్ళు మోసే అలవాటు గనుక అడుగు కలిపి, మంచం ఊగకుండా నడిచారు.

దారిలో వాళ్ళలో ఒకాయన, ఆయనకు బావ వరస, అన్నాడు. "ఒరేయ్ బావా, నలుగురు మోసే రోజు అందరికీ వస్తది. ఎవరెవరు మోస్తన్నారో కళ్ళతో చూసుకునే భాగ్యం నీకే వచ్చిందిరా."

"నీ నోట్లో మన్ను పడ! ఏం మాటలురా అయి?" అని అత్త చెయ్యెత్తింది.

మంచం మీదనుంచి ఆయన గొంతు వచ్చింది, సన్నగా. "మోస్తున్నాడు గదమ్మా, అననియ్యి. కుడి పక్కోడు పొట్టోడు, అటు వంగుతోంది. ఆణ్ణి తిట్టు."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో తెలియలేదు.

రైల్లో మంచం ఎక్కించనివ్వలేదు. చాప పరిచి, తలుపు పక్కన పడుకోబెట్టాం. అత్త ఆయన తల ఒడిలో పెట్టుకుంది. కాలు నా ఒడిలో. పెట్టె కుదిపినప్పుడల్లా ఆ కుదుపు కాలికి చేరకుండా నేను చేతులతో పట్టి ఉంచాను. స్టేషను వచ్చినప్పుడల్లా దిగిపోదామా, వెనక్కి పోదామా అనిపించేది. కాలు కోసేస్తే ఈయన నా మొహం చూస్తాడా? దిగలేదు. దిగడానికి కూడా ధైర్యం కావాలి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దొరసాని అయినా తెలుగు బాగా మాట్లాడేది. కాలు చూసి మమ్మల్ని బయటికి పంపింది. తలుపు అవతల కత్తెరలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. అత్త వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. నేను కూర్చున్నాను, లేచాను, కూర్చున్నాను. ఎంత సేపటికో డాక్టరమ్మ వచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నది.

"కాలు తియ్యలేదు. చీము తీశాను. జ్వరం తగ్గితే మనిషి దక్కుతాడు. మోకాలు మాత్రం కీలు దెబ్బతింది. అది మళ్ళీ వంగుతుందని చెప్పలేను."

కాలు తియ్యలేదన్న మాట తప్ప నాకు ఏమీ వినపడలేదు. మోకాలి మాట విన్నది అత్త.

జ్వరం వెంటనే తగ్గలేదు. వరండా చివర మూడు రాళ్ళు పెట్టుకుని గంజి కాచుకుంటూ మేమిద్దరం ఉన్నాం. పొద్దున్నే లేవగానే నేను చేసే మొదటి పని ఆయన నుదురు ముట్టుకోవడం. ముట్టుకునే ముందు చెయ్యి గాలిలోనే ఆగేది. వార్డులో రోజూ పొద్దున ప్రార్థన ఉండేది. నర్సమ్మ పిలిస్తే అందరూ మంచాల మధ్య మోకాళ్ళూనేవాళ్ళు. అత్త లోపలికి వచ్చేది కాదు. వరండాలో స్తంభం పక్కన నిలబడి, ఆమెన్ వినబడ్డాక వచ్చేది. నీళ్ళు గుడ్డతో వడగట్టి తాగాలని, ఆ గుంటలో దిగి కాళ్ళు పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పినప్పుడు మాత్రం దగ్గరికి వచ్చి వింది. రెండు మూడు సార్లు అడిగి చెప్పించుకుంది. ఇంటికి వచ్చాక తన తెల్లచీర చింపి పల్లెలో ప్రతి ఇంటి కడవకూ ఒక ముక్క ఇచ్చింది. ప్రార్థనలో ఇళ్ళు తిరిగే మనిషి, గుడ్డముక్కలు పట్టుకుని నిజంగానే గడప గడపా తిరిగింది. కొందరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

ఆయన బతికాడు. మోకాలు వంగలేదు. కాలు కర్రలాగా చాపే ఉండేది. గనిలోకి దిగే పని పోయి, గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని, పలకల అంచులు ఉలితో కొట్టి సరిచేసే పని ఇచ్చారు. అది కూడా ఎన్నాళ్ళు ఉంటుందోనని నాకు బెంగ. ఆయనకు బెంగ వేరు.

"ఆదివారం గుడికి రాను" అన్నాడు. "అందరూ ఒంగితే నేను దుంగలాగా నిలబడాల."

"వెనక నిలబడు, ఎవరు చూస్తారు?" అన్నాను.

"దేవుడు చూడడా?" అన్నాడు. అమ్మ నేర్పిన మాటే అది. మోకాలు వంచని ప్రార్థన కప్పు దాటదు. ఆ మాట ఆయనకు పాలతో పాటు దిగింది. అత్త మూలన కూర్చుని వింటోంది. ఆమె మొహం చూడలేకపోయాను. కాలు దక్కినా ఈ ఇద్దరూ ప్రార్థనకు దూరమైపోతారేమో, నేనొక్కదాన్నే కుండకూ పొయ్యికీ స్తోత్రం చెప్పుకుంటూ మిగిలిపోతానేమో అని అప్పుడు పట్టుకున్న భయం, కాలు వాచినప్పటి భయం కంటే తక్కువేమీ కాదు.

అయినా ఆదివారం వచ్చాడు. మంచం మోసిన బావ ఇంటికొచ్చి, "నడుస్తావా, మళ్ళా మోయమంటావా?" అని అడిగితే తప్పక బయలుదేరాడు. అయ్యగారు కూడా ఆ వారమే మా పల్లెకు వచ్చారు. పాట అయింది. "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరం మోకాళ్ళూనాం. ఆ నల్లటి రాళ్ళ మీద, అన్ని వంగిన వీపుల మధ్య ఆయన ఒక్కడే చేతికర్ర మీద బరువు మోపి నిలబడి ఉన్నాడు. తన చేత్తో పరిచిన రాయి మీద తను వంగలేడు. నాకు కళ్ళు మూతపడలేదు. ఆయన కర్ర తలుపు వైపు తిరిగింది. వెళ్ళిపోతున్నాడు.

నా ముందు వరసలో అత్త అరచెయ్యి నేలకానించింది. మెల్లగా లేచింది. వీపుల మధ్యనుంచి నడిచి వచ్చి ఆయన పక్కన నిలబడి, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

అయ్యగారు చప్పుడుకు కళ్ళు తెరిచారు. "ఏమ్మా, నీ మోకాళ్ళకేమైంది?" అన్నారు. కోపంగా కాదు.

"నాకేం కాలా అయ్యగారూ. ఈడొక్కడే నిలబడితే దేవుడికి ఎదురు తిరిగినట్టుంటది. ఇద్దరం నిలబడితే, పెద్దాయన వస్తన్నాడని లేచినట్టుంటది."

వీపుల్లో ఎక్కడో ఒక నవ్వు వినబడి ఆగిపోయింది. అయ్యగారు, "అయితే ఈ వేళ ప్రార్థన నువ్వే చెయ్యమ్మా" అన్నారు.

అత్త గొంతు సవరించుకుంది. మాట వస్తుందా, రాదా? వచ్చింది. పల్లె మొదటి ఇంటితో మొదలైంది. ఈనలేక పోయిన మేక వచ్చింది. మంచం మోసిన నలుగురూ పేరుపేరునా వచ్చారు. డాక్టరమ్మ వచ్చింది, బండి ఇచ్చిన రైతు వచ్చాడు, రైల్లో జరిగి చోటిచ్చిన ముక్కు మొహం తెలియని మనిషి వచ్చాడు. అన్ని రోజులూ ఎక్కని గడపలన్నీ ఆమె ఒక్కసారిగా ఎక్కుతోంది. అంతసేపు ఒంటికాలి మీద బరువుతో నిలబడటం ఆయనకు కొత్త. చేతికర్ర కొస ఆ నున్నటి రాయి మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది.

నేను మోకాళ్ళ మీదే రెండు బారలు జరిగి, అరచేతిని కర్ర కొసకు అడ్డం పెట్టాను. ఆయన వణుకు కర్రలోనుంచి నా చేతికి దిగింది. పైనుంచి సన్నగా గొణిగాడు, నాకు మాత్రమే వినబడేట్టు. "ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయే?"

"మనది ఇంకా రాలా" అన్నాను.

కళ్ళు మూసుకోలేదు. ఆమె మా ఇంటికి వచ్చి, ఆయన కాలి దాకా వచ్చి, ఆమెన్ అనేదాకా చెయ్యి తియ్యలేదు.